జైలులో ఉండగా అయినవాళ్ళు చనిపోతే: తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్న పోయిన నాటికి నేను లోపల ఉన్నాను. బయటికొచ్చాక, జైలులో ఉన్నవాళ్ళతోనూ వాళ్ళ ఇంటివాళ్ళతోనూ మాట్లాడే పని కొన్నేళ్ళుగా చేస్తున్నాను. మనుషులు మారతారు, కేసులు మారతాయి, అడిగేవి మాత్రం అవే. చెప్పిందే చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. మొదటినుంచీ చదవనక్కర్లేదు, మీ ప్రశ్న దగ్గరికే వెళ్ళండి. సెలవు, ఎస్కార్టు, ఫోను నిబంధనలు దేశానికో రకంగా, జైలుకో రకంగా ఉంటాయి కాబట్టి ఎక్కడైనా పనికొచ్చే సంగతులే రాశాను.

## కబురు అందిన రోజు

కబురు నిజమేనా? చెప్పినవాళ్ళు పొరబడి ఉండొచ్చు కదా?

ఈ అనుమానం దాదాపు అందరికీ వస్తుంది. కళ్ళతో చూసింది ఏమీ లేదు, చెవిన పడిన ఒక మాట తప్ప. నన్ను మధ్యాహ్నం లెక్క (ఖైదీలందరినీ నిలబెట్టి లెక్కపెట్టడం) అయ్యాక ఆఫీసుకి పిలిచారు. లోపలికి వెళ్ళగానే ‘కూర్చో’ అన్నారు. ఖైదీకి కుర్చీ చూపించారంటేనే సగం అర్థమైపోయింది. మిగతా సగం నమ్మడానికి నెలలు పట్టింది. మామూలుగా అధికారులు ఆసుపత్రినో, కుటుంబాన్నో, పోలీసులనో కనుక్కున్నాకే ఖైదీకి చెబుతారు. అయినా మీరు నాలుగు సంగతులు అడగండి: కబురు ఎవరు పంపారు, ఎప్పుడు పోయారు, ఎలా పోయారు, శరీరం ఇప్పుడు ఎక్కడుంది. జవాబులు కాగితం మీద రాయించుకోండి, ఆ పూట విన్నది మర్నాటికి గుర్తుండదు. ఇంటికి ఒక్క ఫోను అడగండి. ఇంటివాళ్ళ గొంతులో వింటే తప్ప మనసుకి ఎక్కదు. ‘ములాఖత్‌లో మావాళ్ళు అన్నారు’ అని తోటి ఖైదీ మోసుకొచ్చిన మాటను మాత్రం ఆఫీసులో ఖాయం చేసుకునేదాకా నమ్మకండి.

మా అమ్మ పోయిన సంగతి నాకు రెండు వారాల తర్వాత చెప్పారు. ఇలా చేయొచ్చా?

చేయకూడదు. ఖైదీల పట్ల ఎలా వ్యవహరించాలో చెప్పే కనీస ప్రమాణాలను ఐక్యరాజ్యసమితి 2015లో సవరించింది. వాటికి నెల్సన్ మండేలా నియమాలని పేరు. అందులో 70వ నియమం, దగ్గరి బంధువుకు తీవ్రమైన జబ్బు చేసినా, చనిపోయినా ఖైదీకి వెంటనే తెలియజేయాలంటుంది. ఇవి వాటంతటవే చట్టం కావు గానీ, చాలా దేశాల జైలు నిబంధనలు ఇదే మాట వేరే మాటల్లో చెబుతాయి. ఆలస్యం ఎక్కడ జరిగిందో మర్యాదగా, రాతపూర్వకంగా అడగండి. ఒక్కటి మనసులో పెట్టుకోండి, నేను చూసిన వాటిలో చాలాసార్లు ఆపింది జైలు కాదు, ఇల్లు. ‘అక్కడ ఒంటరిగా ఏమైపోతాడో’ అని దాచేస్తారు. అది తెలిసినప్పుడు వచ్చే కోపం, చావు తెచ్చిన బాధకన్నా పెద్దదిగా కనబడుతుంది. కోపం పట్టుకోవడానికి వీలుగా ఉంటుంది మరి.

వార్త విన్నాక ఒక్క కన్నీటి చుక్క రాలేదు. నాలో ఏదైనా లోపమా?

లేదు. నేను ఆ సాయంత్రం లెక్కలో నిలబడి, రోజూ పలికినట్టే నా నంబరు పలికాను. గొంతు కూడా వణకలేదు. ఆ తర్వాత చాన్నాళ్ళు నన్ను నేను రాయినని తిట్టుకున్నాను. జైలు మనిషిని మొట్టమొదట నేర్చుకోమనేదే ముఖంలో ఏదీ కనబడనీయకుండా ఉండటం. ఆ అలవాటు ఒక్క పూటలో వదలదు. పైగా మొద్దుబారిపోవడం ఎక్కడున్నవాళ్ళకైనా తొలి రోజుల్లో మామూలే. ఏడుపు ఆరు వారాలకు రావచ్చు, ఎవరిదో దగ్గు విని రావచ్చు. దానికోసం కాచుకుని కూర్చోకండి, వస్తే ఆపకండి.

ఛాతీ బిగుసుకుపోతోంది, ఊపిరాడడం లేదు. ఇది దుఃఖమా, గుండెపోటా?

మీరు తేల్చుకోకండి. వెంటనే కాపలా ఉన్నవాళ్ళకి చెప్పి డాక్టరును అడగండి. దుఃఖంలో ఛాతీ పట్టేసినట్టు, గొంతులో ఏదో అడ్డం పడినట్టు ఉండటం మామూలే గానీ, హఠాత్తుగా తగిలిన దెబ్బకు గుండె కండరం నిజంగానే బలహీనపడే జబ్బు ఒకటుంది. జపాన్ వైద్యులు 1990లో దాన్ని వర్ణించి టకోట్సుబో అన్నారు. లక్షణాలు అచ్చం గుండెపోటులాగే ఉంటాయి. ఎక్కువగా వయసు మళ్ళిన ఆడవాళ్ళలో కనబడుతుంది. ‘అయినవాళ్ళు పోయారని ఇందాకే కబురొచ్చింది’ అన్న మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

నాకూ చచ్చిపోవాలని ఉంది. ఆ మాట బయటపెడితే ఒంటరి గదిలో వేస్తారని భయం.

భయం ఉత్తదని అనను. కొన్నిచోట్ల కాపలా పెంచడం అంటే గది మార్చడమే. అయినా చెప్పండి, ఈ రోజే, ఇప్పుడే. ఎవరికి చెప్పాలో ఎంచుకునే వీలు మీకుంది: డాక్టరు, నర్సు, వెల్ఫేర్ ఆఫీసరు, మత బోధకుడు, మీరు నమ్మే వార్డరు. ‘చచ్చిపోవాలనే ఆలోచన వస్తోంది, నన్ను ఒంటరిగా పెట్టొద్దు, మనుషుల మధ్య ఉంచండి’ అని రెండూ కలిపి చెప్పండి. ఆ ఆలోచన తోసుకొచ్చే ఘడియల్లో పక్కన ఒక మనిషి ఉండటమే పెద్ద ఆసరా. ఎవరూ అందకపోతే పక్క పడకాయన్ని లేపండి. అర్ధరాత్రి అయినా సరే. చేతికందే ప్రమాదకరమైన వస్తువేదైనా దగ్గరుంటే అది ఆయనకు ఇచ్చేయండి. బ్రిటన్‌లో ఖైదీలకే శిక్షణ ఇచ్చి తోటి ఖైదీల గోడు వినేలా చేసే పద్ధతి 1991లో స్వాన్సీ జైలులో మొదలైంది. అలాంటిది మీ దగ్గరుందేమో అడగండి.

## కడసారి చూపు

అంత్యక్రియలకు పంపిస్తారా?

పంపవచ్చు, పంపకపోవచ్చు. మండేలా నియమాల్లో 70వది, పరిస్థితులు అనుకూలిస్తే దగ్గరివాళ్ళ అంత్యక్రియలకు ఖైదీని కాపలాతోగానీ, ఒంటరిగాగానీ పంపాలని చెబుతుంది. ‘పరిస్థితులు అనుకూలిస్తే’ అన్న దగ్గరే అంతా ఉంది. కేసు ఏమిటి, దూరమెంత, ఎస్కార్టుకు మనుషులున్నారా, అక్కడ గొడవ జరుగుతుందా అని చూస్తారు. రిమాండులో ఉన్నవాళ్ళు కోర్టును అడగాల్సి రావచ్చు, శిక్ష పడినవాళ్ళకు జైలు అధికారుల దగ్గరే తేలవచ్చు. మీరు చేయగలిగిందల్లా వేగం. కబురు అందిన గంటలోనే అర్జీ రాయండి. చనిపోయినట్టు ఆసుపత్రి ఇచ్చిన కాగితం, బంధుత్వం రుజువు చేసే కాగితం, కార్యక్రమం జరిగే చోటు, వేళ ఇంటివాళ్ళను పంపమనండి. వకీలు ఉంటే ఫోను ఆయనకే ముందు. చాలా అర్జీలు తిరస్కారం వల్ల కాదు, కాగితం ఆలస్యం వల్ల పోతాయి.

ఇంకో సంగతి. పిన్ని, స్నేహితుడు, పెళ్ళి కాకుండా కలిసి బతికిన మనిషి లాంటివాళ్ళను చాలాచోట్ల ‘దగ్గరి బంధువు’గా లెక్కవేయరు. మిమ్మల్ని పెంచింది పిన్నే అయితే ఆ మాట అర్జీలో మొదటి వాక్యంగా రాయండి.

బేడీలతో, పోలీసుల మధ్య నలుగురిలో నిలబడటం కన్నా వెళ్ళకపోవడమే మేలా?

నన్నడిగితే వెళ్ళమనే అంటాను, కానీ తేల్చుకోవాల్సింది మీరే. వెళ్ళినవాళ్ళు తర్వాత చెప్పేది ఎక్కువగా ఒకటే: సిగ్గు ఆ రోజుతో పోయింది, చూశామన్నది మిగిలింది. బేడీలు విప్పమని ముందే అడగవచ్చు. నలుగురికి కనబడకుండా, అందరికన్నా ముందో, అందరూ వెళ్ళాకో పది నిమిషాలు చూపించమని కూడా అడగవచ్చు. మండేలా నియమాల ప్రకారం బేడీల వంటివి పారిపోకుండా జాగ్రత్తకే తప్ప అవమానానికి కాదు. చేతుల మీద కండువా కప్పుకోనిస్తారా అని ఒకాయన అడిగాడు, ఒప్పుకున్నారు. మీ పిల్లలు అక్కడుంటే మాత్రం ‘నాన్న చేతికి గొలుసుంటుంది, పక్కన పోలీసులుంటారు’ అని ఇంటివాళ్ళ చేత ముందుగానే చెప్పించండి. హఠాత్తుగా చూస్తే పిల్లలకు చావుకన్నా అదే గుర్తుండిపోతుంది.

పంపలేదు. ఇప్పుడు నేను చేయగలిగేదేముంది?

నెల్సన్ మండేలా రాబెన్ దీవి జైలులో ఉండగా 1968లో ఆయన తల్లి పోయారు. మరుసటి ఏడే పెద్ద కొడుకు థెంబీ కారు ప్రమాదంలో చనిపోయాడు. రెండుసార్లూ అంత్యక్రియలకు వెళ్తానని అడిగారు, రెండుసార్లూ కాదన్నారు. ఖైదీలకు వెంటనే కబురు చెప్పాలనీ, వీలైతే పంపాలనీ చెప్పే నియమాలకు తర్వాతెప్పుడో ఆయన పేరే పెట్టారు.

మీ చేతుల్లో ఉన్నది ఇదీ. బయట కార్యక్రమం ఏ వేళకో కనుక్కుని, అదే వేళకు మీరూ లోపల ఒక పని పెట్టుకోండి. స్నానం చేసి ఉతికిన బట్టలు కట్టుకోవడం, మౌనంగా కూర్చోవడం, మీకు నమ్మకమున్న ప్రార్థన, లేకపోతే ఆ మనిషి పేరు గట్టిగా పలకడం. ముందుగా సిబ్బందికి చెబితే ఆ పావుగంట మిమ్మల్ని పనికి పిలవకుండా ఉంటారు. నాలుగు వాక్యాలు రాసి పంపండి, అక్కడ ఎవరైనా చదువుతారు. మీ పేరు ఆ చోట వినబడటం మీకే కాదు, వాళ్ళకీ అవసరం. తర్వాత ఇంటివాళ్ళను ఫోటోలు పంపమనండి. పూలు, జనం, వచ్చినవాళ్ళ పేర్లు అన్నీ వివరంగా రాయమనండి.

వీడియోలో చూపిస్తామంటున్నారు. చూడాలా వద్దా?

2020లో కరోనా వచ్చినప్పటినుంచి ఈ వీలు చాలాచోట్ల దొరుకుతోంది. చూస్తే నమ్మకం కుదరడానికి సాయపడుతుంది. ఇబ్బంది ఏమిటంటే తెర ఆగిపోగానే మీరు మళ్ళీ ఆఫీసు గదిలోనే ఉంటారు, భుజం మీద చెయ్యి వేసేవాళ్ళుండరు. అందుకని అయ్యాక ఓ అరగంట ఎవరితో కూర్చోవాలో ముందే మాట్లాడుకోండి. అవతల ఫోను పట్టుకునేది మరీ దగ్గరి బంధువు కాకుండా చూడండి. ఏడుస్తూ పట్టుకున్న ఫోనులో నేల తప్ప ఏమీ కనబడదు.

## ఆ తర్వాతి వారాలు, నెలలు

ఇంటికెళ్తే ఆయన అక్కడే ఉంటాడనిపిస్తోంది. ఎందుకిలా?

మీ రోజులో ఏమీ మారలేదు కాబట్టి. బయట ఉన్నవాళ్ళకు ఖాళీ మంచం, మోగని ఫోను, తొడగని చెప్పులు రోజుకి వందసార్లు చెబుతాయి. మీకు అదే గంట, అదే లెక్క, అదే గోడ. ఆయన లేనితనం మీ బ్యారక్‌లో ఎక్కడా ఖాళీ వదల్లేదు, ఎందుకంటే ఆయన ఇక్కడెప్పుడూ లేడు. అందువల్ల దుఃఖం వాయిదా పడుతుంది. దాన్ని కొంచెం కొంచెంగా నిజం చేసుకోవాలి. మరణ ధ్రువపత్రం నకలు ఒకటి దగ్గర పెట్టుకోండి, తేదీ చూస్తూ ఉండండి. ‘నాన్న ఉన్నారు’ బదులు ‘నాన్న ఉండేవారు’ అని పలికి చూడండి. నాకు ఆ చిన్న మార్పు పలకడానికి ఎన్ని రోజులు పట్టిందో.

దుఃఖానికి ఐదు దశలున్నాయట కదా, నేను ఏ దశలో ఉన్నాను?

ఏ దశలోనూ లేకపోవచ్చు. ఆ ఐదింటినీ ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ 1969లో చెప్పారు, అదీ మరణానికి చేరువైన రోగులతో మాట్లాడి. బతికి ఉన్నవాళ్ళు ఎలా తేరుకోవాలో చెప్పే టైంటేబుల్ కాదది. కోపం లేకుండా గడిచిపోవచ్చు, ఒప్పుకున్నాననుకున్న మర్నాడే ‘కాదు’ అనిపించవచ్చు.

ఈ రోజు ఆటలో నవ్వేశాను. అప్పుడే మర్చిపోయానా?

మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు 1999లో ఒక మాట చెప్పారు: దుఃఖంలో ఉన్న మనిషి రెండు వైపులకీ ఊగుతూ ఉంటాడు, కాసేపు పోయినదాని వైపు, కాసేపు బతకాల్సినదాని వైపు. ఆ ఊగడమే తేరుకోవడం. ఎప్పుడూ ఏడుస్తూ ఉండటమూ, ఎప్పుడూ పనిలో పడి తప్పించుకోవడమూ రెండూ ఇబ్బందే. మీరు నవ్వింది రెండో వైపు ఊగినప్పుడు. రాత్రికి మళ్ళీ ఇటు వస్తారు.

అమ్మ గొంతు వినబడుతోంది. పిచ్చి పడుతోందా?

1971లో వేల్స్‌లో డెవీ రీస్ అనే డాక్టరు, భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందితో మాట్లాడారు. దాదాపు సగం మంది చనిపోయిన మనిషి దగ్గరే ఉన్నట్టు అనిపించడమో, కనబడటమో, మాట వినబడటమో జరిగిందన్నారు. చాలామంది ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు. పిలిచినట్టుండి ఆగిపోయే గొంతు, కలలో కనబడే ముఖం దుఃఖంలో భాగమే. ఆ గొంతు మిమ్మల్ని తిడుతున్నా, ఏదైనా చేసుకోమని చెబుతున్నా మాత్రం అది వేరు, డాక్టరుకు చెప్పండి.

నేను జైలుకొచ్చిన దిగులుతోనే పోయాడంటున్నారు. నేనే చంపినట్టా?

నాకు ఈ మాట ఫోనులోనే చెప్పారు, పోయిన మూడో రోజు. ‘నీ మీద బెంగతోనే’ అని. ఆ మాట అన్న ఆవిడ కూడా దుఃఖంలోనే ఉంది, కోపం పోయడానికి చోటు కావాలి, నేను దొరికాను. మీ నాన్నను చూసిన డాక్టరు కాగితంలో ఏం రాశారో తెప్పించుకుని చదవండి. ఏ జబ్బు, ఎన్నాళ్ళనుంచి ఉంది, ఏం మందులు. చాలాసార్లు ఆ జబ్బు మీ కేసుకన్నా పాతది. అలాగని మీ తప్పేమీ లేదని చెప్పి మిమ్మల్ని ఊరడించను. దగ్గర లేకపోవడం, ఆసుపత్రికి తీసుకెళ్ళలేకపోవడం నిజంగా జరిగిందే. దానికి బాధపడటం సబబే. ప్రాణం తీశానన్నది వేరే సంగతి. ఈ రెంటినీ ఒక కాగితం మీద రెండు వరుసలుగా విడగొట్టి రాసి చూడండి, ఏది ఏ వరుసలోకి వెళ్తుందో మీకే తెలుస్తుంది.

చనిపోయిన మనిషిని చంపింది నేనే. నాకు ఏడ్చే హక్కు ఉందా?

ఈ ప్రశ్న గట్టిగా అడిగేవాళ్ళు తక్కువ, రాత్రిపూట గుసగుసగా అడిగేవాళ్ళు చాలామంది. భార్యనో, తమ్ముణ్ణో, స్నేహితుణ్ణో తానే చంపి, ఆ మనిషి కోసమే ఏడుస్తున్నవాళ్ళను నేను చూశాను. దుఃఖం అనుమతి అడిగి రాదు. ఏడవండి, కానీ దాన్ని చనిపోయినవాళ్ళ కుటుంబం ముందు పెట్టకండి. క్షమించమని ఉత్తరం రాయాలనిపిస్తే వకీలుతోగానీ, కౌన్సెలర్‌తోగానీ మాట్లాడకుండా పంపకండి. మీకు ఊరటనిచ్చే ఉత్తరం వాళ్ళకు ఇంకో గాయం కావచ్చు, కేసు నడుస్తుంటే అది కోర్టుకూ చేరుతుంది. ఇది ఒంటరిగా మోసే బరువు కాదు. మానసిక వైద్యుణ్ణి రాతపూర్వకంగా అడగండి.

మా నాన్న నన్ను చిన్నప్పుడు చావగొట్టేవాడు. పోయాడంటే హాయిగా ఉంది. తప్పా?

తప్పు కాదు. హాయి పక్కనే ఎక్కడో దిగులు కూడా నక్కి ఉండవచ్చు, ఇక ఎప్పటికీ ఆయన చేత ‘పొరపాటు చేశాను’ అనిపించలేమని. రెండూ ఒకేసారి ఉండొచ్చు. అందరి ముందూ మంచివాడని చెప్పాల్సిన పని మీకు లేదు.

నిద్ర పట్టడం లేదు. ఒకాయన మాత్ర ఇస్తానంటున్నాడు.

తీసుకోకండి. అది ఏ మాత్రో తెలియదు, రేపు దానికి బదులు ఏం అడుగుతాడో అదీ తెలియదు. జైలులో అప్పు చిన్నదిగా మొదలవుతుంది. మత్తు ఆ రాత్రి గడిపిస్తుంది గానీ దుఃఖాన్ని అక్కడే ఆపేస్తుంది. జైలు డాక్టరు దగ్గరికి వెళ్ళి ‘చావు కబురొచ్చింది, ఇన్ని రాత్రులుగా నిద్ర లేదు’ అని లెక్క చెప్పండి. పగలు పడుకోకుండా ఉండటం, బయటికి వదిలే గంటలో ఆగకుండా నడవడం నాకు పనిచేశాయి.

రాస్తే బాధ తగ్గుతుందంటారు. కానీ ఇక్కడ రాసినవి చదువుతారుగా?

చదువుతారు. సోదాల్లో తీసుకుపోనూ వచ్చు. అందుకని కేసు గురించి, ఇంకొకరి పేరు గురించి ఒక్క ముక్క రాయకండి. ఆ మనిషి గురించి రాయండి, ఆమె చీర కొంగు ఎలా బిగించేదో, మిమ్మల్ని ఏ పేరుతో పిలిచేదో. జేమ్స్ పెన్నిబేకర్ అనే మనస్తత్వవేత్త 1986లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు తమ గాయాల గురించి రాయించారు. రాసిన వెంటనే మనసు ఇంకా బరువెక్కింది, లాభం నెలల తర్వాత కనబడింది. మీకూ మొదటి రోజే తేలికపడకపోతే ఆశ్చర్యపోకండి. రాసి చింపేసినా రాసినట్టే. చదువు రాకపోతే చెప్పి రాయించుకోండి, లేదా రోజూ ఒకే వేళకు మనసులో ఉత్తరం చెప్పుకోండి.

ఏడాది దాటింది. ఇంకా మొదటి రోజులాగే ఉంది.

అప్పుడు సాయం అడగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టికలో 2022నుంచి అమల్లో ఉన్న 11వ కూర్పు, దీర్ఘకాలిక దుఃఖాన్ని ఒక రుగ్మతగా గుర్తించింది. కనీసం 6 నెలలు గడిచినా తగ్గకుండా రోజువారీ బతుకును ఆపేస్తుంటే ఆ పేరు పెడతారు. అమెరికా మానసిక వైద్యులు పెద్దవాళ్ళకు 12 నెలల గడువు పెట్టారు. దీనికి ప్రత్యేకమైన చికిత్స ఉంది, ఎక్కువగా మాటలతోనే. జైలు డాక్టరుకు ‘దిగులుగా ఉంది’ అనకండి. ‘ఫలానా తేదీన పోయారు, ఇప్పటికీ తిండి, పని, మాట ఏదీ సాగడం లేదు’ అనండి.

## బ్యారక్‌లో

నలుగురి మధ్య ఏడిస్తే లోకువైపోనా?

కొన్ని బ్యారక్‌లలో అవుతారు, అబద్ధం ఎందుకు. అందుకే చోటు వెతుక్కోవాలి. స్నానాల దగ్గర నీళ్ళ చప్పుడులో, ప్రార్థన గదిలో, దుప్పటి కింద. అయితే చావు విషయంలో జైలు మనుషులు మీరనుకున్నంత రాయివాళ్ళు కాదు. నాకు కబురొచ్చిన మర్నాడు తెల్లవారి లేచేసరికి నా బకెట్ నిండా నీళ్ళున్నాయి. పక్క పడకాయన నాకన్నా ముందు లేచి, వరుసలో నిలబడి పట్టి పెట్టాడు. ఆయనకూ నాకూ అంతకుముందు మాటల్లేవు. పది రోజులు అలాగే పెట్టాడు, ఆ తర్వాత మానేశాడు, దాని గురించి ఎప్పుడూ ఎత్తలేదు.

అమెరికన్ పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లో ‘గుర్తింపు లేని దుఃఖం’ గురించి రాశారు. నలుగురూ ఒప్పుకోని, పరామర్శించని, బయటికి ఏడవనివ్వని దుఃఖం అన్నమాట. ఖైదీది అచ్చంగా అదే. మీ దుఃఖాన్ని ఒక్కడు గుర్తించినా చాలు, తేడా తెలుస్తుంది.

పక్కవాడి కొడుకు చనిపోయాడు. ఏమనాలో తెలియడం లేదు.

ఏమీ అనకండి. మండేలాకు కొడుకు పోయిన టెలిగ్రాం వచ్చినప్పుడు ఆయన గదిలోకెళ్ళి పడుకుండిపోయారు, రాత్రి భోజనానికి కూడా రాలేదు. తోటి ఖైదీ వాల్టర్ సిసులు వచ్చి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. మండేలా టెలిగ్రాం అందించారు. సిసులు ఒక్క మాటా అనకుండా చెయ్యి పట్టుకున్నారు. మీరూ అంతే చేయవచ్చు. ఆయన వంతు పని చేసి పెట్టండి, ఆ రాత్రి ఆయన మేలుకుంటే మీరూ మేలుకోండి. ‘దేవుడి రాత’, ‘నీకింకో కొడుకున్నాడుగా’ లాంటివి నోటిదాకా వస్తాయి, మింగేయండి. వారం తర్వాత కొడుకు పేరు అడగండి. అప్పటికి అందరూ అడగడం మానేసి ఉంటారు.

నాతో ఉన్న ఖైదీ ఇక్కడే పోయాడు. మర్నాడే ఆ పడక ఇంకొకరికి ఇచ్చేశారు.

ఆ కొత్త మనిషి మీద కోపం వస్తుంది, ఆయన తప్పేమీ లేకపోయినా. చూసినదేదో కళ్ళ ముందు తిరుగుతూ ఉండవచ్చు. ముఖ్యంగా ఆత్మహత్య అయితే, విచారణలో మీ మాట అడగవచ్చు. ఆ మాట చెప్పడానికి ముందూ తర్వాతా కౌన్సెలర్‌ను అడగండి. ఆయన ఇంటివాళ్ళకు ఉత్తరం పంపనిస్తారేమో కనుక్కోండి. చివరి రోజుల్లో వాళ్ళ గురించి ఆయన ఏం మాట్లాడాడో వాళ్ళకు చెప్పగలిగింది మీరే.

## ఇంట్లో ఉన్నవాళ్ళు అడిగేవి

లోపలున్న వాడికి చెప్పాలా, విడుదలయ్యేదాకా దాచాలా?

చెప్పండి. దాచింది దాగదు. ఇంకొకరి ములాఖత్‌లో బయటపడుతుంది, అప్పుడు వాడికి చావుతో పాటు మీ మీద నమ్మకం కూడా పోతుంది. నేరుగా ఉత్తరం రాయకండి, రాత్రి తాళాలు పడే వేళకు అంది, తెల్లవారేదాకా ఒంటరిగా చదువుకుంటాడు. ముందు జైలు ఆఫీసుకు ఫోను చేసి, పగటి వేళ ఒక మనిషి పక్కన కూర్చుని చెప్పేలా అడగండి. ఆ రోజే మీతో మాట్లాడించమనండి. ‘పరిస్థితి బాలేదు’ అని నసగకుండా ‘చనిపోయారు’ అన్న మాటే వాడండి.

ములాఖత్‌లో చావు గురించి ఎత్తాలా?

ఎత్తండి, కానీ మొదటి ఐదు నిమిషాల్లో. సమయం అయిపోతుందనగా తెరిస్తే వాడు ఆ గాయంతో లోపలికి నడవాలి. చివరి పది నిమిషాలు ఇంటి సంగతులో, పిల్లల బడి సంగతులో మాట్లాడి పంపండి. వాడు ముఖం రాయిలా పెట్టుకుంటే బాధ లేదనుకోకండి, తలుపు అవతల ఇరవై మంది చూస్తుంటారు.

ఆస్తి కాగితాల మీద సంతకం కావాలి. ఇప్పుడే అడగొచ్చా?

మొదటి ములాఖత్‌లో అడగకండి. ఆ తర్వాత కూడా వకీలు చదివి వినిపించాకే సంతకం పెట్టమనండి.

## విడుదలయ్యాక

పోయి మూడేళ్ళయింది. లోపల బాగానే ఉన్నాను, బయటికి రాగానే కూలబడ్డాను. ఎందుకు?

మీకు ఆ మనిషి ఈ రోజే పోయారు. లోపల వాయిదా పడిన రోజులన్నీ గుమ్మం దగ్గర కాచుకుని ఉంటాయి. నేను ఇంట్లో అడుగుపెట్టగానే నాన్న కళ్ళజోడు అలమరలో కనబడింది. ఒక కాడకు దారం చుట్టి ఉంది, ఆ దారం నేను జైలుకెళ్ళక ముందు లేదు. ఆ కాడ విరిగిన రోజు గానీ, దారం చుట్టుకున్న రోజు గానీ నాకు తెలియదని అప్పుడు తెలిసింది. లోపల రాని ఏడుపంతా అక్కడే వచ్చింది.

విడుదల తేదీ తెలియగానే ఈ రోజు కోసం ఏర్పాటు చేసుకోండి. తొలి వారంలో ఒంటరిగా ఉండొద్దు, ముఖ్యంగా తాగుడో, మత్తో మానిన చరిత్ర ఉంటే. లోపల మానేశాక మునుపటి మోతాదును శరీరం తట్టుకోలేదు. విడుదలైన తొలి రెండు వారాల్లో ఎక్కువ మోతాదు చావులు బాగా ఎక్కువని పరిశోధనలు పదేపదే చూపించాయి.

ఇంట్లో అందరూ తేరుకున్నారు. నేను నాన్న పేరెత్తితే ‘మళ్ళీ మొదలా’ అంటున్నారు.

వాళ్ళు మూడేళ్ళుగా ఏడ్చి అలసిపోయారు. మీరు వాళ్ళకు పాత పుండు, వాళ్ళు మీకు మూసిన తలుపు. తప్పు ఎవరిదీ కాదు. అందరినీ కాకుండా ఒక్కరిని పట్టుకోండి, చివరి రోజుల్లో ఆయన దగ్గరున్నవాళ్ళని. ‘ఒక్కసారి మొదటినుంచీ చివరిదాకా చెప్పు, మళ్ళీ అడగను’ అనండి. ఏ రోజు జ్వరం వచ్చింది, ఎవరు తీసుకెళ్ళారు, ఆఖరున ఏమన్నాడు. మధ్యలో ఆపకుండా వినండి.

కడసారి చూడలేదు. ఇప్పుడెళ్ళి ఏం చూడాలి?

సమాధి ఉంటే సమాధి, లేకపోతే ఆయన కూర్చునే చోటు, పనిచేసిన చోటు, చివరిగా పడుకున్న గది. అంత్యక్రియల్లో మీరు చేయాల్సిన పని ఏదైనా మిగిలిపోయిందనిపిస్తే మీ పద్ధతిలో ఇప్పుడు చేయండి, పెద్దవాళ్ళను అడిగితే దారి చెబుతారు. వెళ్ళేటప్పుడు ఒకరిని వెంట తీసుకెళ్ళండి గానీ, కాస్త దూరంలో నిలబడమనండి. నేను వెళ్ళినప్పుడు ఏదో చెప్పాలని చాలా అనుకున్నాను. తీరా అక్కడికెళ్ళాక ‘వచ్చాను నాన్నా’ అని మాత్రం అన్నాను.